బానెట్ కింది నిమ్మకాయలు

కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది. మస్కట్‌లో పదకొండేళ్లు ఇంజన్ల కింద పడుకున్నాక ఇంకాస్త ముదిరింది. కోరుట్లలో నా షెడ్డుకు బండి తెచ్చే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అయినా వస్తారు. తిట్టేదీ రాజేశమే, బాగు చేసేదీ రాజేశమే అని వాళ్ల ధీమా.

ఆ బుధవారం బోయినపల్లి నుంచి హన్మండ్లు తన పాత డీజిల్ కారుతో వచ్చాడు. వచ్చాడంటే, షెడ్డు ముందున్న చిన్న ఎత్తు ఎక్కలేక నలుగురితో తోయించుకుని వచ్చాడు. ఆ నలుగురిలో ఒకరు ఆయన భార్య మొగిలవ్వ.

"తాటిచెట్లెక్కిన మనిషివి, నీకు గీ జానెడు ఎత్తెక్కని బండి ఎట్ల దొరికిందే?" అన్నాను.

ఆయన నవ్వలేదు. కల్లు గీత మానేసి ఎనిమిదేళ్లు కువైట్‌లో ఉండి వచ్చి, ఈ కారు కొని, గల్ఫ్ పోయేవాళ్లను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దించుతూ బతుకుతున్నాడు. ఇప్పుడు పొద్దున్నే తోస్తే తప్ప బండి స్టార్ట్ కాదు. లైట్లు మిణుకుమిణుకుమంటాయి. అరవై దాటితే నల్లపొగ తప్ప వేగం రాదు. సిరిసిల్లలో ఒకతను బ్యాటరీ మార్చాడు. జగిత్యాలలో ఇంకొకతను ఇంజన్‌కు గాలి ఊదే టర్బో పోయింది, బండి అమ్ముకొమ్మన్నాడు. దాంతో హన్మండ్లు మళ్లీ కువైట్ పోవడానికే సిద్ధపడ్డాడు. పాస్‌పోర్ట్ జేబులో ఉంది. సాయంత్రంలోపు ఏజెంట్ చేతిలో పెట్టాలి.

ఆయన చాయ్‌కి వెళ్లగానే మొగిలవ్వ దగ్గరికొచ్చింది.

"అన్నా, బండి బాగైతే గీయన ఉంటడు. లేకుంటె పోతడు. ఎనిమిదేండ్లు ఒక్కదాన్నే ఎల్లదీసిన. ఇగ నాతోని కాదు."

నాకు జాలేసింది. జాలేసినా నా నోట తిట్టే వస్తుంది. కొత్త టైరు మీద కూర్చోవద్దని ఆమెను కసిరి బానెట్ ఎత్తాను.

బ్యాటరీ బాగానే ఉంది. లైట్లు వేయించి, మీటరు వైరు ఒకటి బ్యాటరీ మైనస్‌కు, ఇంకొకటి బాడీకి పెట్టాను. సున్నా దగ్గర ఉండాల్సిన ముల్లు ఒక వోల్టు దాటింది. అంటే ఎర్త్ సరిగ్గా అందడం లేదు. ఎర్త్ వైరు వెంట చెయ్యి పోనిచ్చాను. అది బాడీకి బిగించి ఉన్న బోల్టుకు ఇనుప తీగతో నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. పాతవి కుళ్లి, రసం కారి, బోల్టు చుట్టూ పచ్చగా చిలుము పట్టింది.

బయట కడితే మేకలు తింటున్నాయని మొగిలవ్వ ప్రతి శనివారం అక్కడే కడుతోందట. దిష్టికి కట్టినవి కదా అని ఇద్దరు మెకానిక్కులూ ఆ బోల్టు జోలికే పోలేదట. వాళ్లను తిట్టడానికి నోరు తెరిచి, నా చెయ్యి కూడా ఆగిపోవడం చూసుకుని మూసుకున్నాను. మస్కట్ చదువు అక్కడికే సరి.

చివరికి ఆమెతోనే విప్పించాను. విప్పుతూ ఆమె మొహం చిన్నబోయింది.

"నేను కట్టిన నిమ్మకాయలే గీయనను కువైట్‌కు తోలుతున్నయా అన్నా?"

చాయ్ తాగి వచ్చిన హన్మండ్లు అది విని నవ్వాడు. ఆగు, నీ వంతు వస్తుందన్నాను. బోల్టు గీకి బిగించాక ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది.

ఇక టర్బో. వేలితో తిప్పితే సాఫీగా తిరిగింది. పైపుల మూతి మూసి, టైర్లకు కొట్టే గాలి కొద్దిగా లోపలికి వదిలి, మీద సబ్బునీళ్లు పూశాను. టర్బో నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపు మీద నురగ బుసబుసా పొంగింది. చూస్తే పైపుకు అట్టపెట్టెలకు వేసే కార్టన్ టేపు నాలుగు చుట్లు, దాని మీద తాడు, తాడుకు మూడు ముడులు!

"పైపు గిట్ల కట్టినవేందే? కువైట్‌ల ఇంటికి తెచ్చే సామాన్ల కార్టన్ కడుతున్న అనుకున్నవా?"

పైపు పగిలితే ఇంట్లో ఉన్న టేపే చుట్టానని ఆయన తల గోక్కున్నాడు. టర్బో ఊదిన గాలంతా ఆ పగులులోంచే పోతుంటే పాపం ఇంజన్‌కు ఊపిరెక్కడిది? కొత్త పైపు వేసి రెండు క్లాంపులు బిగించాను.

సాయంత్రం ముగ్గురం జగిత్యాల రోడ్డెక్కాం. ఎనభై దాటినా పొగ లేదు. హన్మండ్లు బండి పక్కకు ఆపి ఏజెంట్‌కు ఫోన్ చేశాడు.

"నేను వోతలేను. ఇంకెవలినన్న సూసుకో."

వెనక సీట్లో మొగిలవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది. సీటు తడుస్తుందని తిట్టాను. 

నెల తర్వాత హన్మండ్లు టైర్లలో గాలి కోసం ఆగాడు. శంషాబాద్ కిరాయి. వెనక సీట్లో వీర్నపల్లి కుర్రాడు వినోద్, పక్కన అతని తల్లి లక్ష్మవ్వ. ఎక్కడికి పంపుతున్నావని అడిగితే, కువైట్‌కని చెప్పింది ఆమె. ఎవరో పోనన్నారట, ఆ కొలువు తన కొడుక్కు దొరికిందట. హన్మండ్లు నా వైపు చూడకుండా టైరు దగ్గర వంగి కూర్చున్నాడు.

లక్ష్మవ్వ కారు దిగి, కొంగుముడి విప్పి నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ తీసి నాకు చూపింది.

"నా కొడుకు మంచిగ పోయి మంచిగ రావాలె. ఏడ కట్టాలె బిడ్డా?"

 దండ ఆమె చేతిలోంచి తీసుకుని, ముందు బంపర్‌కు నేనే కట్టాను.