పచ్చచుక్క పెట్టిన చెయ్యి

కదిలే బండిని అమ్మడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. మీట తిప్పగానే ముందుకు దూకుతుంది కనక కొనేవాడు సగం అక్కడే పడిపోతాడు. ఆగే సంగతి ఎవరూ అడగరు. పదకొండేళ్లుగా బ్యాటరీ సైకిళ్లు అమ్ముతున్నాను. ఎంత దూరం పోతుందని అడిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఎంత దూరంలో ఆగుతుందని అడిగినవాళ్లు రెండు చేతుల వేళ్లకు మించరు. వాళ్లలో ఒకావిడ వల్ల నా షాపు పరువు ఏ చేతిలో ఉందో నాకు తెలిసింది.

షాపులో బేరం నాది, పని మా బావది. బావంటే మా అక్క భర్త. మా షాపు పక్కనుంచి ఒక ఏటవాలు సందు దిగుతుంది. ఆ సందు చివర బావ తెల్లరంగుతో ఒక గీత గీశాడు. గీత అవతల పాత టైర్ల దొంతర, దాని అవతల లారీలు తిరిగే రోడ్డు. బ్రేకు పని చేసిన ప్రతి బండినీ, బిగించినవాడే ఎక్కి ఆ వాలులో దిగాలి. కొనుక్కున్నవాళ్లు మోసే బరువుకు సరిపడా ఇసక బస్తా వెనక కట్టుకుని మరీ దిగాలి. గీతకు ఇవతల ఆగితే బ్రేకు లివరు మర మీద ఒక పచ్చరంగు చుక్క పెడతాడు బావ. గీత దాటితే బండి మళ్లీ లోపలికి వస్తుంది. నా బోర్డు చూసి వచ్చేవాళ్లు తక్కువ. ఆ చుక్క చూసి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఒక శనివారం పొద్దున నర్సు ఒకావిడ బండి తోసుకుంటూ వచ్చింది. ముందు చక్రంలో కంచె ముళ్లు చిక్కుకుని ఉన్నాయి. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి పుళ్లు కడిగి కట్లు కట్టే ఉద్యోగం ఆవిడది. రోజుకు పదమూడు ఇళ్లు. ఏడాది కింద కుడి మణికట్టు విరిగి, కాస్త వంకరగా అతుక్కుంది.

"బ్రేకు పట్టలేదామ్మా?" అన్నాను.

"బ్రేకు పట్టేదే. నా చెయ్యే పట్టలేదు. పిండి పిండి వేళ్లు తిమ్మిరెక్కాయి. కంచె అడ్డం ఉండబట్టి ఇలా వచ్చాను." బండిని స్టాండు వేసింది. "సోమవారానికల్లా ఇది నా చేతికి ఆగాలి అన్నగారూ. లేకపోతే నన్ను ఆఫీసులో కూర్చోబెడతామన్నారు. నా పదమూడు ఇళ్లకూ వేరే మనిషి లేదు. కేబుల్ బ్రేకా, ఆయిల్ బ్రేకా, ఏది ఉండాలో మీరే చెప్పండి."

ఆవిడ బండికి ఉన్నది కేబుల్ బ్రేకు. లివరు నొక్కితే తీగ లాగుతుంది, ప్యాడ్లు చక్రం పక్కనున్న డిస్కును పట్టుకుంటాయి. చేతిలో ఎంత బలముంటే అంత పట్టు. ఆయిల్ బ్రేకులో తీగ బదులు గొట్టంలో నూనె తోస్తుంది. రెండు వేళ్లు చాలు. కాకపోతే అది కారితే దారిలో ఎవరూ బాగుచెయ్యలేరు. బలం లేని మణికట్టుకు ఏది కావాలో చెప్పడానికి పెద్ద లెక్క అక్కర్లేదు. అందులో నాకు మిగిలేదీ ఎక్కువే, దాచను.

"ఆయిల్ బ్రేకు," అన్నాను.

"కేబులే," అన్నాడు బావ లోపల్నుంచి. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "కేబుల్ పాడైతే ముందు చేతికి చెబుతుందమ్మా. నూనె కారితే నేలకు చెబుతుంది. నేలతో మనకు మాటల్లేవు కదా."

"నీకు కొత్తదేదీ గిట్టదు బావా. ఫోనుకి కూడా తీగ ఉంటేనే మాట్లాడేవాడివి."

"తీగ ఉన్న రోజుల్లో నువ్వు అబద్ధాలు తక్కువాడేవాడివి షావుకారూ."

"ఆవిడ మణికట్టు చూడు."

"చూశాను. వెన్న నొక్కినట్టు ఉండేలా బిగిస్తాను. దిగి చూపిస్తాను, సరేనా?"

అరగంట బిగించాడు. స్పానరు రెండుసార్లు జారింది. జిడ్డు చెయ్యి కదా అనుకున్నాను. తర్వాత ఇసక బస్తా కట్టుకుని వాలు ఎక్కాడు. నేనూ నర్సూ కింద గీత దగ్గర నిలబడ్డాం. బండి సర్రున దిగి, గీతకు జానెడు ఇవతల ఆగింది.

"చూశారా?" అన్నాడు బావ.

ఆవిడ బండిని చూడటంలేదు. "మేస్త్రిగారూ, ఆ కుడి బూటు ఒకసారి విప్పండి."

"బండికోసం వచ్చారా, బూటుకోసం వచ్చారా?"

"విప్పండి."

విప్పాడు. ఎడమ బూటు మడమ నిండుగా ఉంది. కుడిది వెనకనుంచి ఏటవాలుగా అరిగిపోయి లోపలి పొర కనిపిస్తోంది. పట్టుకుని చూశాను. ఇంకా వేడిగా ఉంది.

"పుళ్లు కట్టేదాన్ని కదా, మనుషుల్ని కాళ్ల దగ్గర్నుంచే చూస్తాను," అంది ఆవిడ. తన రెండు వేళ్లు ముందుకు చాపింది. "ఇవి పిండండి. నాకు నొప్పెట్టాలి."

"పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే ఇంట్లో నాకు తిండి పుట్టదమ్మా," అని నవ్వబోయాడు బావ. మేమెవరం నవ్వలేదు. పట్టుకుని పిండాడు. ముంజేతి మీద నరాలు తేలాయి, దవడ బిగుసుకుంది. ఆవిడ వేళ్ల రంగు కూడా మారలేదు.

"ఇంతేనా?" అంది.

"ఇంతే," అన్నాడు బావ.

"నరం నలుగుతున్నట్టుంది. డాక్టరుకి చూపించాలి. ఎప్పట్నుంచి?"

బావ బూటు తొడుక్కోసాగాడు. జవాబు నాకు షాపులో కొత్త ప్యాడ్లు పెట్టే అర చెప్పింది. ఒక జత ప్యాడ్లు ఆరు నెలలు రావాలి. ఈ నాలుగు నెలల్లో మామూలుకు రెండింతలు పోయాయి. నేను చూడకపోలేదు. చూసి, బేరం బాగుందనుకున్నాను. సంగతేమిటంటే, చేతిలో బలం లేని మనిషి తన చేతికి తేలిగ్గా ఉండాలని ప్యాడ్లను డిస్కుకు ఆనేటంత దగ్గరగా బిగించాడు. అలా బిగిస్తే మొదటి వారం వెన్నలాగే ఉంటుంది. రాసుకుని రాసుకుని ప్యాడు అరిగాక ఎంత నొక్కినా పట్టు ఉండదు. వాలులో చెయ్యి ఆపలేనిదాన్ని మడమ నేలకు రాసి ఆపింది. చుక్క మాత్రం పచ్చగానే పడింది.

షాపు మీదే ఉండే అక్కావాళ్ల గదికి వెళ్లాను. అక్క బావ చొక్కాలు మడత పెడుతోంది.

"బావ చెయ్యి సంగతి నీకు తెలుసా?"

"వానలు మొదలైనప్పట్నుంచీ గుండీలు నేనే పెడుతున్నాను."

"నాకు చెప్పొద్దా అక్కా?"

"చెప్తే వాలు దిగడం మాన్పిస్తావు. అది మానేస్తే ఆ మనిషికి ఇంకేముందిరా?" చొక్కా మడత విప్పి మళ్లీ పెట్టింది. "అయినా రోజూ వచ్చి బేరం ఎలా ఉందనే అడుగుతావు. చెయ్యి ఎలా ఉందని ఎప్పుడన్నా అడిగావా?"

కిందికి దిగాను. బావ అప్పటికే తన నోటుపుస్తకం తెరిచి కూర్చున్నాడు. చుక్క పెట్టిన ప్రతి బండీ అందులో ఉంటుంది.

"వానలొచ్చాక నలభై ఒకటి," అన్నాడు. "అందరికీ ఫోన్ చెయ్యి."

"ఉచితంగా బ్రేకులు చూస్తున్నాం, తీసుకురండి అని చెబుతాను."

"వద్దు. చుక్క తప్పు పడిందని చెప్పు."

"ఆ మాట బయటికి పోతే ఈ షాపు గడప ఎవరు తొక్కుతారు బావా?"

"ఒక్క బండి ఆగక లారీ కింద పడితే ఎవరు తొక్కుతారు?"

ఫోన్ తీశాను. మొదటి నాలుగు ఫోన్లలో క్షేమసమాచారాలన్నీ అయ్యాకే చుక్క మాటెత్తాను. ఆ తర్వాత అలవాటైంది. సిగ్గుకు కూడా అలవాటు ఉంటుందని ఆ రోజే తెలుసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నానికి ముప్ఫైతొమ్మిది బండ్లు వచ్చాయి. మిగతా రెండు బండ్లవాళ్ల ఇళ్లకు నేనే వెళ్లాను. వచ్చిన ప్రతి బండి మీదా చుక్కను బావ తనే బ్లేడుతో గీకాడు. బ్లేడు చేతిలోంచి జారుతున్నా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వాటిలో పదకొండు బండ్లకు ప్యాడ్లు ఇనుము దాకా అరిగిపోయాయి. వాటిని తాళం వేసి షాపులోనే ఉంచాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది మా నేర్పు కాదు కనక, మా గొప్ప కింద వేసుకోలేను.

ఆదివారం సాయంత్రం నర్సు వచ్చింది. ఆవిడ బండిని బావ నాకు చూపించాడు.

"ఆయిల్ బ్రేకే వెయ్యి."

"మరి నిన్న వద్దన్నావు?"

"నూనె నింపడానికి వేళ్లు కుదురుగా ఉండాలి. నావి లేవు. అది చెప్పలేక నేలతో మాటల్లేవని కబుర్లు చెప్పాను."

బావ స్టూలు మీద కూర్చుని చెబుతుంటే నేను బిగించాను. సిరంజితో గొట్టంలోకి నూనె ఎక్కించే దగ్గరకొచ్చేసరికి సగం నా చొక్కాకే ఎక్కింది.

"ఇటివ్వండి అన్నగారూ," అంది నర్సు. "లోపల గాలిబుడగ మిగలకూడదు, అంతేగా? ఇరవై ఏళ్లుగా నాకదే పని." ఎడమ చేత్తో తీరిగ్గా నొక్కింది. బుడగలు ఒక్కొక్కటే పైకి తేలాయి, కాసేపటికి ఇక రాలేదు.

"ఈవిణ్ణి పన్లో పెట్టుకుని నువ్వు మానెయ్ షావుకారూ," అన్నాడు బావ. తర్వాత ఆవిడతో, "పంక్చరైతే దీన్ని తలకిందులుగా నిలబెట్టకండి, గాలి గొట్టంలోకి చేరుతుంది. పొద్దున తియ్యగానే కింద నూనె మరక ఉందేమో చూసుకోండి. లివరు మెత్తబడితే ఎక్కనే ఎక్కకండి," అని చెప్పాడు.

బిగించినవాడే దిగాలి. పదకొండేళ్లలో నేనెప్పుడూ ఆ వాలు దిగలేదు. నా చేతి పని మీద నాకెంత నమ్మకముందో పైన నిలబడ్డాక తెలిసింది. దిగాను. రెండు వేళ్లతో నొక్కితే గీతకు బారెడు ఇవతలే ఆగింది. రంగు డబ్బా అందుకోబోయాను.

"ఉండు," అన్నాడు బావ. "నీ చెయ్యి బాగానే ఉంది. నువ్వు ఆపగలిగితే ఆవిడా ఆపగలిగినట్టేనా?"

"నేను దిగి చూస్తాను," అంది నర్సు.

"కొన్నవాళ్ల చేత ముందు పరీక్ష చేయించే అలవాటు మాకు లేదమ్మా. మీ చేతికంటే తక్కువ బలమున్న చెయ్యి ఒకటి ఇక్కడుంది."

వద్దనబోయాను. నర్సు అప్పటికే టైర్ల దొంతర మీద ఇంకో వరస పేర్చసాగింది. నేనూ చెయ్యి వేశాను.

బావ వాలు పైన రెండు బూట్లూ విప్పి గోడ పక్కన పెట్టాడు. ఉత్త పాదాలతో బండెక్కాడు. దిగుతున్నంతసేపూ నేను చక్రాల్ని చూడలేదు, చేతినీ చూడలేదు. ఆ పాదాల్నే చూశాను. అవి పెడళ్ల మీదనుంచి కదల్లేదు. బండి ఆగింది. చక్రానికీ గీతకూ మధ్య బెత్తెడు ఉంది.

లివరు మీద వేళ్లు బిగుసుకుపోయాయి. నర్సు వచ్చి ఒక్కొక్క వేలే విప్పింది.

"మీకు సరిపోతుందమ్మా," అన్నాడు ఆవిడతో. నాకు కుంచె అందించాడు. "బిగించింది నువ్వు. ఇకమీదట దిగేదీ నువ్వే. చుక్క నువ్వే పెట్టు."

పెట్టాను. రంగు మర దాటి పాకింది.

"అది చుక్క కాదు, మచ్చ," అన్నాడు బావ.

"తుడిచెయ్యనా?"

"ఉండనీ. పెట్టినవాడెవడో తెలుస్తుంది."

తర్వాత ఆవిడ తన చేత్తో ఒకసారి దిగింది. గీతకు మూరెడు ఇవతల ఆగి, మాకు తల ఊపి, ఇంటిదారి పట్టింది. సందు మలుపులో ఎర్రదీపం ఒకసారి వెలిగింది, బండి నెమ్మదించింది, తిరిగిపోయింది. బావ ఉత్త కాళ్లతోనే లోపలికి నడిచాడు.

బూట్లు పైనే ఉండిపోయాయి. వాలు ఎక్కి తెచ్చాను. ఎడమది ఇంకా రెండేళ్లు వస్తుంది. కుడిది ఎందుకూ పనికిరాదు. రెండూ తుడిచి, బావ స్టూలు కింద పక్కపక్కనే పెట్టాను.