మా వాడి వంతు చేపలు

గుడి అర్చకుల భార్య ఆండాళ్ళు చక్రపొంగలి గిన్నెతో మా కిరాణా కొట్టు మెట్లెక్కుతుంటేనే నాకు సంగతి అర్థమైపోయింది. వాళ్ళమ్మాయి శ్రీవల్లికి ఉద్యోగం వచ్చింది. మా ఉదయ్‌కిరణ్‌కి రాలేదు.

ఇద్దరిదీ ఏలూరులో ఒకే కాలేజీ, ఒకే బీఎస్సీ ఆక్వాకల్చర్. మార్కులు మా వాడికే ఎక్కువ. కొల్లేరు పక్కన చేపల చెరువుల కంపెనీ వాళ్ళు ఇద్దరినీ ఒకేరోజు పిలిచి, అర్చకుల పిల్లని ఉంచుకుని, క్లాసు ఫస్టు పిల్లాణ్ణి పొమ్మన్నారు. ఇప్పుడు వాడు కొట్లో కందిపప్పు పొట్లాలు కడుతున్నాడు. కడుపు మండదూ మరి?

“ఎవరిచేత చెప్పించారేంటండీ?” అన్నాను, నవ్వు తెచ్చిపెట్టుకుని.

“అయ్యో, మాకెవరున్నారండీ! గట్టుమీదే చేపని చేతికిచ్చి, కోసి, మొప్పల్లో పురుగుందేమో చూడమన్నారట. మా అమ్మాయి చూసి చెప్పేసిందటండీ.”

నేను లోపలికి తిరిగాను. “మరి నువ్వేం చేశావురా?”

“జారిపోయిందమ్మా,” అన్నాడు ఉదయ్ తల ఎత్తకుండా. “కత్తి ఎక్కడ పెట్టాలో తెలీలేదు.”

“మూడేళ్ళు చదివి తెలీకపోవడమేంట్రా! కాలేజీలో నేర్పి చావలేదా?”

కాలేజీ మీద, కంపెనీ మీద, ఆ పిల్ల మీద ఒకటే ఒళ్ళుమంట. మేమూ చేప ముట్టం, వాళ్ళూ ముట్టరు. పైగా గుడి చేసుకునే ఇల్లు! దానికెలా వచ్చిందట?

“మొదట్లో మా అమ్మాయీ ఏడ్చిందండీ,” అంది ఆండాళ్ళు. “అప్పుడు మీరే వచ్చి అడిగారు కదా, మా వాడికి నీచువాసన పడదు, ప్రాక్టికల్స్‌లో వాడి వంతు చేపలు కూడా మీ అమ్మాయిచేత కోయించండీ అని. రెండేసి కోసీ కోసీ చెయ్యి తిరిగిపోయిందండీ. అంతా మీ చలవే.”

వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు. మహాతల్లి నిజంగానే మెచ్చుకోడానికి వచ్చింది. దాంతో ఇంకా మండింది.

“వచ్చేనెల ఇంకొకళ్ళని తీసుకుంటారటండీ. ఆదివారాలు బాబుని చెరువు దగ్గరికి పంపండి, మా అమ్మాయి నేర్పిస్తుంది.”

అక్కర్లేదందామని నోరు తెరిచాను. ఈలోగా ఉదయ్ పొట్లాలు వదిలేసి గుమ్మంలోకి వచ్చి, నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

“ఎన్నింటికి పంపమంటారండీ?” అన్నాను.

రేపు వీడికి ఉద్యోగం వచ్చినా, అది శ్రీవల్లి నేర్పిందేనని ఈవిడ ఊరంతా చెప్పుకుంటుంది. అదీ ఇంత మెత్తగానే.