అంచున రాసిన తేదీలు

వీధంతా జిగురాయన అని పిలిచే ఆ బైండింగ్ పనివాడు, ముప్ఫై ఏళ్లలో తన చేతికొచ్చిన పుస్తకం ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. చదవడం మొదలుపెడితే పని అటకెక్కుతుందని అతని భయం. అందులోనూ బైబిలంటే అసలే పడదు. భార్యను సమాధి చేసి వచ్చిన నాటి నుంచీ, అంటే పదకొండేళ్లుగా, అతనికీ దేవుడికీ మాటల్లేవు.

అతని అక్కకు మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టరు చెప్పిన వారానికే ఆమె తన బైబిలు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. అట్ట ఊడి, పేజీలు రాలుతున్నాయి.

"గట్టిగా కట్టరా. ఇకమీదట నాకు దీంతోనే పని," అంది. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిందంతా చెప్పాననే అనుకుని ఉంటుంది.

అతను ఫారాలు, అంటే మడతపెట్టిన పేజీల కట్టలు, విడదీసి కుట్టాడు. కుట్టేవాడి చూపంతా మడత మీదే ఉంటుంది, అంచుల మీద కాదు. జిగురు ఆరాక, నలిగిన అంచులు శుభ్రంగా ఉండాలని కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు వైపులా అరంగుళం కోసేశాడు. అది అతని చేతికి అలవాటు. కొత్త పుస్తకంలా మెరుస్తుంటే మురిసిపోయాడు కూడా.

బుట్టలో పడ్డ కాగితపు పీలికలు తీసి పారేయబోతే పెన్సిలు అక్షరాలు కనిపించాయి. వాటిని బల్ల మీద పరిచి దగ్గరగా చూశాడు. దేవుడు చేసిన ప్రతి వాగ్దానానికీ ఎదురుగా, పేజీ చివరి అంచున, అక్క రెండు తేదీలు వేసుకుంది. 'అడిగాను' అని ఒకటి, 'నెరవేరింది' అని రెండోది. వాగ్దానం చేసినవాడు మాట తప్పలేదని తనకు తాను గుర్తుచేసుకోవడానికి ఆమె నలభై ఏళ్లుగా దాచుకున్న రుజువులవి. ఇప్పుడు వాగ్దానాలు పుస్తకంలో, తేదీలు చెత్తబుట్టలో ఉన్నాయి. ఏది దేనిదో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ఒక పీలిక మీద మాత్రం 'తమ్ముడు తిరిగి రావాలి' అని ఉంది. తన భార్యను సమాధి చేసిన మర్నాటి తేదీ. పక్కన రెండో తేదీ లేదు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఏవో తేదీలు తానే వేసేస్తే? ఆవిడకెలాగూ గుర్తుండదుగా! ఇంత పాడు ఆలోచన తన బుర్రలోకే వచ్చిందా అని సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే పెన్సిలు చెక్కాడు. కానీ చెయ్యి కదల్లేదు.

మధ్యాహ్నం అక్క గదికి వెళ్లి, బైబిలు ఆమె ఒళ్లో పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె నమ్మలేక పేజీలు తిప్పింది. వేలితో అంచులు తడిమింది. తర్వాత చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఎంత పని చేశావురా! నేను మర్చిపోతాననే కదా అవి రాసుకున్నది. రేపు నాకు ఆయన పేరు కూడా గుర్తులేకపోతే? ఆయన నాకేం చేశాడో ఎవరు చెప్తారు?"

దేవుడి తరఫున మాట్లాడే అర్హత తనకెక్కడిది? కానీ ఆ ఏడుపు చూడలేక నోటికొచ్చింది అనేశాడు.

"తేదీలు రాసింది నువ్వక్కా. మాటిచ్చింది నువ్వు కాదుగా. ఇచ్చినాయనకు గుర్తుంటే చాలదూ?"

అక్క ఏడుపు ఆపి అతని మొహంలోకి చూసింది. కళ్లు తుడుచుకుని కిటికీ వైపు తిరిగింది. పావుగంట గడవకముందే మళ్లీ పుస్తకం తెరిచింది.

"ఒరేయ్, ఇందులో నా తేదీలేవిరా?"

అతని ప్రాణం ఉసూరుమంది. మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. మళ్లీ ఆమె ఏడ్చింది. మళ్లీ అదే మాట అన్నాడు. ఎండ వాలేలోపు నాలుగుసార్లు అలాగే జరిగింది. నాలుగోసారి ఆ మాట అంటుంటే అతని చెయ్యి దానంతటదే జేబులోని పీలిక మీదికి పోయింది.

అక్క కనిపెట్టింది.

"నువ్వు నమ్ముతున్నావా ఆ మాట?"

"తెలీదక్కా," అన్నాడు. ఆమె దగ్గర అబద్ధమాడే ఓపిక ఇక అతనికి లేదు.

అక్క అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అయితే ఇంకోసారి చెప్పరా. ఇద్దరం విందాం."