గేటు వేసి రా

గురువారం పొద్దున పాత టూత్‌బ్రష్షుతో సైకిలు చైను తోముతుంటే అత్తయ్య వచ్చి నిలబడింది. "వాడి సైకిలు తోమినంత శ్రద్ధగా గిన్నెలు తోమితే ఇల్లు అద్దంలా ఉండేదే," అంది. నవ్వాను. అత్తయ్య ఏమన్నా ముందు నవ్వేసి, కోపం తర్వాత తెచ్చుకోవడం నాకు పదేళ్ళ అలవాటు. ఆ కోపమంతా చైను మీద పోతుంది. మా ఇంట్లో చైన్లు అంత తళతళలాడేది అందుకే.

ఇవి మామూలు సైకిళ్ళు కావు. కంకర దారుల్లో, అడవి బాటల్లో తొక్కడానికి చేసిన లావు టైర్ల సైకిళ్ళు. గ్రావెల్ బైకులంటారు. మావారికీ మా మరిదికీ వాటి పిచ్చి. ప్రతి శనివారం కొండల్లోకి, ద్రాక్షతోటల మీదుగా అడవిలోకి పోతారు. తొక్కేది వాళ్ళు, కడిగేది నేను. బురద, గ్రీజు, టైర్లలో గాలి, సీసాల్లో నీళ్ళు, జేబుల్లో ఖర్జూరాలు, అన్నీ నా చేతి మీదుగానే పోవాలి. నా ఉద్యోగం కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీయడం. అర మిల్లీమీటరు తేడా వేలితో తడిమి చెప్పగలను. ఆ వేలికి ఇంట్లో దొరికిన పని బ్రేకులు. చక్రంతో పాటు తిరిగే ఇనుప బిళ్ళను రెండు వైపులా నొక్కి పట్టే చిన్న ప్యాడ్లుంటాయి. అవి అరిగిపోతే దిగుడులో సైకిలు ఇక మన మాట వినదు. పదేళ్ళుగా ఆయన ప్రాణం ప్రతి వారం నా వేళ్ళ మధ్య నుంచే వెళ్ళి వస్తోంది. ఆ సంగతి ఆయనకెప్పుడూ తట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తట్టలేదు.

పోయిన ఆదివారం కడుగుతూ చెప్పాను. "ఏవండీ, మీ ప్యాడ్లు అయిపోయాయి. ఇనుము తేలింది. కొత్తవి పది రోజులకి గానీ రావట. ఈ శనివారం వెళ్ళకండి." ఫోనులోంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నారు. నా సైకిలుకి నెల క్రితం చెప్పి ఉంచినవి గురువారం వచ్చాయి. ఆ రోజే నా చేత్తో బిగించుకున్నాను. నా సైకిలంటే ఆయన వాడి వదిలేసిన పాతదే.

నాకు సైకిలు యోగం పట్టింది కిందటేడే. అంతకుముందు వాళ్ళ వెనక తొక్కింది నా తోటికోడలు. అందరి నీళ్ళూ, పంపూ, రిపేరు సామానూ, కారు తాళం ఉన్న సంచి వీపున వేసుకుని చివర్న వచ్చేది. అడవి దిగుడులో బండరాయి మలుపు దగ్గర పడింది. భుజం ఎముక రెండు చోట్ల విరిగింది. "కంగారు పడింది, అందుకే పడింది," అన్నాడు మరిది. "దిగుడొస్తే ఆడవాళ్ళు కళ్ళు మూసుకుంటారు," అన్నారు మావారు. ఆసుపత్రిలో ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నేను కంగారు పడలేదక్కా. బ్రేకు నొక్కాను. పట్టలేదు." నేనేమన్నానో తెలుసా? "పోనీలే, ఇప్పుడవన్నీ ఎందుకు," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆ సైకిలు కడగడానికి నా దగ్గరికి రానే లేదు. వారం తిరక్కుండా మరిది దాన్ని అమ్మేశాడు. ఆ సంచి నా వీపు మీదకొచ్చింది.

శుక్రవారం సాయంత్రం నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఆయన షెడ్డులో స్పానరు పట్టుకుని కూర్చున్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి. "నువ్వు లోపలికెళ్ళు, నేను చూసుకుంటాలే," అన్నారు. నా పని ఒకరు చేస్తామంటే ఎంత పొంగిపోయానో! లోపలికెళ్ళి పాట కూడా పాడుకున్నాను.

శనివారం మేం కారు దిగేసరికి కొండలు మంచులో ములిగి ఉన్నాయి. ద్రాక్షతోటల్లో కోత దగ్గరపడింది. పిట్టల్ని బెదరగొట్టడానికి పెట్టిన గ్యాసు తుపాకి, మనిషి లేకుండానే, ఉండి ఉండి ఢామ్మని పేలుతోంది. అది ఏ వరుసలో ఉందో కనబడదు. ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నాను.

వీళ్ళ పద్ధతి ఒకటుంది. ఎగుడు ఎక్కి పైన ఆగుతారు, ఖర్జూరాలు తింటారు, కబుర్లు చెప్పుకుంటారు. రొప్పుతూ నేను చేరగానే "వచ్చావా, పద," అని బయల్దేరతారు. ఆగడం వాళ్ళది, అలసట నాది. పైగా ఇంటికెళ్ళాక "నీ కోసం ఎన్నిసార్లు ఆగామో," అని అత్తయ్య ముందు చెబుతారు.

మూడో ఎగుడు తర్వాత, తోటల మధ్య ఆ రోజు మొదటి దిగుడు, చిన్నదే. బ్రేకు నొక్కాను. కీచుమంది. ఇనుము ఇనుముని కొరికే చప్పుడు. బ్రేకు మీట హ్యాండిలుకి పూర్తిగా అతుక్కుపోయినా సైకిలు ఆగలేదు. కాళ్ళు నేలకీడ్చి, ద్రాక్ష పందిరి కర్రకి గుద్దుకుని ఆగాను. మోకాలు చీరుకుపోయింది. నొప్పి తర్వాత సంగతి. ఆ చప్పుడు నాకు తెలుసు. పోయిన ఆదివారం విన్నాను, ఆయన సైకిల్లో.

తోట దాటితే అడవి. మధ్యలో కంచె, ఇనుప గేటు. అడవిపందులు ద్రాక్షల్లోకి రాకుండా, చివర వెళ్ళేవాళ్ళు గేటు వేసి వెళ్ళాలని బోర్డు ఉంది. చివరిదాన్ని నేనే కాబట్టి ప్రతివారం సైకిలు దిగి, అటు వెళ్ళి, గొళ్ళెం పెట్టి, వాళ్ళని అందుకోవడానికి పరిగెత్తేది నేనే. మరిది నాకు 'గేట్ ఆఫీసర్' అని పేరు కూడా పెట్టాడు. గేటు అవతలి నుంచే దిగుడు మొదలు. దాని చివర బండరాయి.

ఇద్దరూ గేటు అవతల నిలబడి ఉన్నారు. నేను సైకిలు నడిపించుకుంటూ గేటు దాకా వెళ్ళాను.

"ఏవండీ, నా బ్రేకులు పట్టట్లేదు."

"నేనే మార్చాను. నావి అరిగాయని నువ్వేగా చెప్పావు? నీ కొత్తవి నేను వేసుకున్నా."

"మీ పాతవి నాకు వేశారా?"

"ఎలాగూ నత్తలా వస్తావు, నీకు బ్రేకులెందుకు?" నవ్వారు. నేను నవ్వలేదని చూసి చిరాకుపడ్డారు. "అబ్బా, ఏం కాదులే. తమ్ముడు కూడా కిందటేడు అలాగే మార్చుకున్నాడు, ఏమైందని..."

అనేసి నాలుక కరుచుకున్నారు. మరిది అడవి వైపు తిరిగి హెల్మెట్ బిగించుకున్నాడు. ఎక్కడో తుపాకి పేలింది. ఈసారి నేను ఉలిక్కిపడలేదు.

"సరే, గేటు వేసి రా," అన్నారు పెడలు మీద కాలు పెడుతూ. "మలుపు దగ్గర మాత్రం కంగారు పడకు."

ఇద్దరూ దిగుడులోకి జారిపోయారు. ఆయన బ్రేకులు చప్పుడు లేకుండా, మెత్తగా పట్టుకున్నాయి. నా చేత్తో బిగించినవి మరి.

సైకిలు తిరగేసి, చక్రం విప్పి ప్యాడ్లు బయటికి తీశాను. వేలితో తడమాల్సిన పని కూడా లేదు, ఒట్టి ఇనుము. చంపాలనుకున్నారా? లేదు. అదే నన్ను వణికించింది. చంపాలనుకుని ఉంటే ఆ ఆలోచనలోనైనా నేనొక మనిషినయ్యేదాన్ని. ప్యాడ్లు మార్చిన ఆ పది నిమిషాల్లో, ఈ సైకిలెక్కి ఈ దిగుడు దిగేది ఒక మనిషని ఆయనకి గుర్తే రాలేదు. నేను పడితే ఏమంటారో మాత్రం సిద్ధంగా ఉంది. ఇప్పుడే చెప్పి వెళ్ళారు కూడా.

రాయి మీద కూర్చుని తోటికోడలికి ఫోను చేశాను.

"ఏంటక్కా, ఇవాళ శనివారం కదా?"

"ఆ రోజు నువ్వు కంగారు పడలేదు. నీ బ్రేకు పట్టలేదు. మీ ఆయన తన అరిగినవి నీకు వేశాడు. నేను అప్పుడే నమ్మాల్సింది."

 అవతల ఏడుపు వినబడింది. ఏడ్వనిచ్చాను.

చక్రం మళ్ళీ బిగించి, ప్యాడ్లు రెండూ రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. లేచి, గేటు లాగి, గొళ్ళెం పెట్టాను. సంచి వీపున సర్దుకుని, తోటల మధ్య మెల్లగా సైకిలు నడిపించుకుంటూ వెనక్కి బయల్దేరాను. సంచిలో వాళ్ళ నీళ్ళున్నాయి, పంపుంది, కారు తాళం ఉంది. మంచు విడుతోంది. మొదటిసారి దారిలో నా ఇష్టమొచ్చిన చోట ఆగి నీళ్ళు తాగాను.

అరగంటకి ఫోను మోగింది. ఆయనే.

"ఎక్కడ చచ్చావ్? ఎంతసేపు చూడాలి? గేటు వేశావా?"

"వేశాను."

"మరి కనబడవేం?"

"ఇవతలి నుంచి వేశాను."