గడపలో మల్లన్న

పొద్దున ఏడింటికే చిన్నరాజం మూడో కారు కడుపు చీల్చాడు. గొడ్డలితో బానెట్ పగలగొట్టి, సుత్తితో బోల్టుల తలలు ఎగరగొట్టి, ఇంజన్ను వైర్లతో సహా పేగుల్లా పెరికి నేలకేసి కొట్టాడు. నల్లటి నూనె ఇసుకలోకి పాకింది. కువైట్‌లోని అమ్ఘరా తుక్కు యార్డులో పదకొండేళ్లుగా అతని పని ఇదే. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. పై వరుసలో ముందు పళ్లు రెండు లేవు. వేళ్లను ఇనుము తింది. పళ్లను ఫోర్‌మన్ నౌమాన్ రాలగొట్టాడు.

పళ్లు పోయింది కథ వల్ల. చిన్నరాజం జగిత్యాల పక్క ఒగ్గు కథకుల ఇంటివాడు. కథ నడుమ లేవకూడదని, దేవుణ్ణి దారిలో నిలబెట్టి కథకుడు లేస్తే ఆ దేవుడు దిక్కులేనివాడవుతాడని తాత చెప్పిన మాట. ఆ రోజు ఒగ్గు దేవుడు మల్లన్న కథ చెబుతుంటే, పనికి లెమ్మని నౌమాన్ "యల్లా" అని ఎంత అరిచినా, మల్లన్న మజిలీ చేరేదాకా ఇతడు లేవలేదు. ఇనుప పైపు మూతి మీద పడింది. నెత్తురు ఉమ్మి, మజిలీ ముగించి, అప్పుడు లేచాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. పళ్లు మాత్రం మొండివాడివే పోతాయి. స, త పలికితే గాలి పోతోందని, కథలో ఆ అక్షరాలున్న చోటల్లా వేరే మాటలు వెతికి పెట్టుకున్నాడు. అందుకు ఆరు నెలలు పట్టింది.

కథ తాతది కాదు, సొంతం. గొర్లన్నీ పోగొట్టుకున్న మల్లన్న కువైట్‌కు కూలికి వస్తాడు. పనికి పిలిపించుకున్న అరబ్బు యజమాని, కఫీల్, ఆయన పాస్‌పోర్టు లాక్కుంటాడు. దేవుడు అమ్ఘరాలో కార్లు పగలగొడతాడు. రెండేళ్లుగా చిన్నరాజం ఆయన్ని ఇంటికి చేర్చలేక చస్తున్నాడు. రోజూ మొదటి నుంచి చెప్పి, చివర నాలుగు ముక్కలు కలుపుతాడు. ఇనుము కోసే కత్తెర యంత్రం రొదలో కథ చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. కానీ ఊ కొట్టేవాడు లేకుండా కథ సాగదు. అందుకని ఎదురుగా టైర్లు విప్పే జలంధర్, బోర్లించిన బ్రేకు డ్రమ్ము మీద ప్రతి చరణానికీ పానాతో ఒక దెబ్బ వేస్తాడు. అదే ఊ.

"ఇయ్యాలన్న ఇంటికి వోతడా అన్నా, మల్లన్న?" జలంధర్ రోజూ అడిగేదే.

"వోతడు తమ్మీ. బస్సుల వస్తుంటె దొరికింది తొవ్వ." చిన్నరాజం బోసిగా నవ్వాడు. అతని ముఖం అంత వెలగడం జలంధర్ ఎన్నడూ చూడలేదు.

"ఎట్ల వోతడే?"

"నువ్వు ఊ కొట్టు."

మూడు వరసలెత్తు పేర్చిన కార్ల కింద, రిమ్ము మీద కూర్చుని మొదలుపెట్టాడు. మాటకొక సుత్తి దెబ్బ. గేర్‌బాక్సు పగిలింది, అద్దం పగిలింది, కఫీల్ తలుపు పగిలింది. మల్లన్న పగలగొట్టిన కార్లన్నీ గొర్రెలై లేచాయి. వాటిని తోలుకుంటూ ఎడారి దాటాడు, సముద్రం దాటాడు. పానా దెబ్బలు జోరెక్కాయి.

అప్పుడే వెనక్కి వచ్చిన ఫోర్క్‌లిఫ్టు కార్ల వరసను గుద్దింది. పైకారు మూలిగింది.

"లేవే అన్నా! మీద పడ్తది!"

చిన్నరాజం తలెత్తి చూశాడు. చూసి, ఆగమన్నట్టు మూడు వేళ్ల చెయ్యి ఎత్తాడు.

"మల్లన్న గడపల నిలవడ్డడు..."

జలంధర్ డ్రమ్ము వదిలి పరుగెత్తాడు. ఆ చరణానికి ఊ పడలేదు. వరస మొత్తం కూలింది.

కార్లు ఎత్తేసరికి చిన్నరాజం పక్కకు ఒత్తిగిలి పడుకున్నట్టే ఉన్నాడు. నౌమాన్ పైపు పారేసి, అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "ఖలాస్" అన్నాడు, ఎవరితోనూ కాదు. పోలీసులు వచ్చి వెళ్లారు. మధ్యాహ్నానికి కత్తెర మళ్లీ నోరు తెరిచింది.

జలంధర్ డ్రమ్ము ముందు కూర్చున్నాడు. కథ మొత్తం అతనికి నోటికి వచ్చు, ఆ చరణం తరవాతిది తప్ప. దేవుడు గడపలోనే నిలబడి ఉన్నాడు. జలంధర్‌కు ఏడుపు వచ్చింది, దాని వెనకే పట్టలేని కోపం వచ్చింది. జన్మలో ఒక్క చరణం కట్టినవాడు కాదు. పానా తీసి, పొద్దున వెయ్యని ఊ బలంగా వేశాడు.

"లోపటికి రా మల్లన్నా," అన్నాడు బొంగురుగా. "వచ్చి కాళ్లు కడుక్కో."

దానికి ఊ కొట్టేవాళ్లెవరూ లేరు. రెండేళ్ల దెబ్బలకు నడిమిన అరిగిన బ్రేకు డ్రమ్ము ఎండలో మెరుస్తూ ఉంది.