కళ్ళు లేని రొయ్య

పెరుగు గిన్నె కోసం ఫ్రిజ్ తెరిస్తే తలుపు అరలో నా సీసా లేదు. మా అత్తగారు మంగాయమ్మ వంకాయలు తరుగుతూ తలెత్తకుండానే చెప్పారు.

"ఆ పురుగుల సీసా పారబోసినాను. తినేవాటి కాడ అదేటమ్మా?"

అది పురుగు కాదు. బియ్యపు గింజంత తెల్లటి జీవి, రొయ్యలా ఉంటుంది, కళ్ళు లేవు. సబ్బవరం దగ్గర ఒక పాత నూతిలో, భూమి లోపలి ఊటతో పాటు నా వలలోకి వచ్చింది. నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. అక్కడి ఫ్రిజ్ పాడైతే ఇంటికి తెచ్చాను. ఇలాంటిది ఇంతవరకు ఎవరూ చూడలేదేమోనని, నేను పంపిన ఫొటోలు చూసి, ఇలాంటి జీవుల మీద పనిచేసే ఒక నిపుణురాలు రాశారు. కానీ కొత్త జాతి అని తేల్చడానికి ఫొటోలు చాలవు, జీవి చేతిలో ఉండాలి.

అత్తగారిని ఒక్క మాట అనలేదు. నాది ఓర్పు అని చుట్టాలంతా మెచ్చుకుంటారు. కాదు, భయం. నా భర్త సాయిశంకర్ ఏనాడూ చెయ్యెత్తలేదు. కోపం వస్తే మాట్లాడడం మానేస్తాడు, వారాల తరబడి. కంచంలో అన్నం పెడుతుంటే గోడను చూస్తాడు. పెళ్ళైన కొత్తలో "నీకు ధైర్యం సాలదు మధూ, ఇవన్నీ నీకెందుకు" అని నవ్వేవాడు. వినీ వినీ నేనూ నమ్మాను. స్కూటీ మానేశాను, ఊళ్ళు తిరగడం మానేశాను. ఈ నుయ్యి కూడా ఎన్నో అబద్ధాలు చెప్పి చూసివచ్చిందే.

నుయ్యి ఉన్న స్థలం ఇళ్ళ లేఅవుటుకి అమ్మేశారు. వారంలో నుయ్యి పూడ్చేస్తారు. సాయంత్రం అతను డ్యూటీ నుంచి రాగానే, మళ్ళీ వెళ్ళాలని చెప్పాను. షూ విప్పుతూ విన్నాడు.

"రేపు మా అక్కావాళ్ళొస్తన్నారు. పురుగు కోసం ఎళ్తానంటే ఎళ్ళు. తర్వాత నాతో మాటాడకు."

తెల్లారి వంటంతా చేసిపెట్టి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.

నుయ్యి జోగమ్మది. పొలం అమ్మినా, పూడ్చేదాకా అక్కడే మోటారు దగ్గర కూర్చుంటోంది. వల వేస్తే ఖాళీగా వచ్చింది. ఎండలకి నీళ్ళు అడుగంటాయి, ఆ జీవులు రాతి సందుల్లోకి పోయుంటాయి. దిగాల్సిందే. గాలి మంచిదో కాదో చూడడానికి ముందు వెలిగించిన లాంతరు దింపాం. ఆరలేదు. ఆరిపోయుంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఫోను జోగమ్మ చేతికిచ్చాను. ఆవిడా, కోడలూ నా నడుముకి తాడు కట్టి, రెండో కొస రాతి స్తంభానికి చుట్టి పట్టుకున్నారు.

గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్ళే మెట్లు. సగం దూరంలో ఒక రాయి నా కాలి కింద ఊడిపోయింది. గోడకి కరుచుకుపోయాను. రాయి కింద నీళ్ళలో పడ్డ చప్పుడు వినిపించింది. పైకి లాగెయ్యమని అరవబోయి ఆగాను. అలాగే వేలాడుతూ, కాలితో తడిమి తడిమి మరో రాయి వెతుక్కున్నాను.

అడుగున మోకాలి లోతు నీళ్ళు, చల్లగా. టార్చి వేసి ఒక సందులోకి చూశాను. తెల్లగా ఒకటి కదిలింది. దాని వెనక ఇంకొకటి, పొట్ట కింద గుడ్లు మోస్తూ. సీసా ముంచుతుంటే పైన ఫోను మోగింది.

"మీ ఆయనమ్మా," జోగమ్మ కిందికి వంగి అంది. "సుట్టాలొచ్చేసినారంట, ఎక్కడున్నావని అడుగుతన్నాడు. ఏటి సెప్పమంటావు?"

కాలేజీలో మీటింగు అన్న అబద్ధం నాలుక మీదే ఉంది.

"నూతిలో ఉన్నానని చెప్పండి. పనయ్యాకే వస్తానని చెప్పండి."

జోగమ్మ ఆ మాటే ఫోనులో చెప్పింది. తర్వాత నావైపు వంగి, "ఫోను పెట్టేసినాడు" అంది.

నెలన్నర అతను నాతో మాట్లాడలేదు. ఆ నెలన్నరా నేను కాలేజీ మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆ జీవి కాళ్ళూ మీసాలూ బొమ్మలు గీశాను. అన్నీ ఆ నిపుణురాలికి పంపిస్తే, కొత్త జాతేనని జవాబొచ్చింది. అప్పటికి నుయ్యి లేదు, దాని మీద సిమెంటు రోడ్డు పడింది.

మొన్న అతనే నోరు విప్పాడు, ఆదివారం ఇంట్లో ఉంటావా అని. ఉండనన్నాను. పద్మనాభం ఊళ్ళో ఇంకో పాత నుయ్యి ఉందని, వెళ్తున్నానని చెప్పాను. వెళ్ళనా అని అడగలేదు, చెప్పాను.