ఎపెలి నోట రాని పేరు

"'ఆమె' అంటే దానికి ముందున్న పేరే. పిల్లలకి ఆ మాట చెప్పేది నువ్వే కదా, టీచరమ్మా!" అన్నాడు హెడ్మాస్టరు నైవాలు.

సలానియేతకు ఒళ్ళు మండిపోయింది. ఈ దీవిలోని లెవుకా ఊరి బడి హాస్టల్లో వంటిల్లు సగం తగలబడింది. చూసింది కాపలాదారు ఎపెలి ఒక్కడే. ఇంగ్లీషులోనే రాసివ్వమన్నారు, పాపం తంటాలుపడి రాసిచ్చాడు. 'లూసియానా గుమ్మం దగ్గర దాలో దుంపలు చెక్కుతోంది. ఆమె పొయ్యి ఆర్పకుండా వెళ్ళిపోయింది.' ఇంకేం, తప్పు వంటమనిషి లూసియానాదేనని తేల్చేశారు. ఈ సాయంత్రమే ఆమెను పనిలోంచి పంపేస్తారట. హెడ్మాస్టరు గదిలో చాప మీద కూర్చుని లూసియానా వెక్కివెక్కి ఏడుస్తోంది.

నిజమే, పరీక్షలో తడబడకుండా పిల్లలకు ఆ చిట్కా నేర్పింది తనే. అది మనిషి నోటికాడి కూడు లాగేయడానికా?

సలానియేత కాగితం మళ్ళీ చదివింది. వార్డెన్ తొరికా ఆ పూట వంటింట్లోనే ఉందని బడంతటికీ తెలుసు. ఆవిడ పేరు మాత్రం ఇందులో ఒక్కచోటా లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఎపెలిని పిలిచింది.

"ఎపెలీ, పొయ్యి వదిలేసింది లూసియానాయేనా?"

"అయ్యో, లూసియానా కాదమ్మా!"

"ఈ ముక్క ముందే చెప్పొద్దటయ్యా?"

"ఎవరడిగారమ్మా? కాగితం చాలన్నారు."

"మరి ఎవరు?"

ఎపెలి తల దించుకున్నాడు. గోడవారన కూర్చున్న తొరికా వైపు చూడనైనా లేదు.

సలానియేత గిరుక్కున హెడ్మాస్టరు వైపు తిరిగింది. "తొరికా ఇతని చిన్నాన్న కూతురు. మన ఆచారంలో చెల్లెలి పేరు అన్న నోట వస్తుందటండీ? అందుకే పేరు రాయలేక ఉత్త 'ఆమె' అని ఊరుకున్నాడు. తమరు మాత్రం ఈ దీవిలో పుట్టలేదూ? మీ అక్క పేరు ఏనాడైనా పలికారా?"

"కాగితానికి మన ఆచారాలేం తెలుసు?" అని గొణిగాడు నైవాలు.

"కాగితానికి తెలీదు సరే, తమకు తెలుసుగా! తెలిసే ఈ పిల్ల నెత్తిన రుద్దారా?"

చివరికి తొరికా లేచింది.

"మా అన్నని ఇంక అడక్కండి. పొయ్యి వదిలేసింది నేనే."

లూసియానా అరచేత్తో కళ్ళు తుడుచుకుని ఆమె ఎదుటికి వచ్చి నిలబడింది.

"మీ అన్న నోరంటే ఆచారం కట్టేసింది. ఇందాకణ్ణుంచీ నేనేడుస్తుంటే నీ నోటికేం వచ్చిందమ్మా?"